దీపం అక్కర్లేని మాస్టారు

దుమ్ముకారు, సోమవారం

ఈ రోజు కమిటీ నన్ను కాదని ఒక గుడ్డివాణ్ణి మాస్టారుగా వేసుకుంది. ఏం నేర్పడానికి? శస్త్రచికిత్స పనిముట్లను గుర్తుపట్టడం నేర్పడానికి.

ఆపరేషన్లు చేసే నాలుగు చేతుల యంత్రం కీళ్ళలోకి దుమ్ము చేరి, పోయిన రుతువులోనే ఆగిపోయింది. విడిభాగాలు తెచ్చే నౌక దారిలో ఉందని చెప్తున్నారు. అది ఎప్పుడూ దారిలోనే ఉంటుంది. కొత్త మంగళగిరిలో పుట్టిన డాక్టర్లకు జబ్బు కనిపెట్టడం వచ్చు, యంత్రానికి ఆజ్ఞ ఇవ్వడం వచ్చు, కత్తి పట్టడం రాదు. (అంగారకుడి మీద ఊరికి మంగళగిరి అని పేరు పెట్టినవాడికి అది గొప్ప చమత్కారమని తోచి ఉంటుంది. ఇన్నేళ్ళుగా వింటున్నాను, నాకు ఒక్కసారి కూడా నవ్వు రాలేదు.) చేత్తో కోసి చేత్తో కుట్టినవాళ్ళం ఈ గుమ్మటాల కింద ఇద్దరమే మిగిలాం. నేనూ, కోదండపాణీ. నా చేతులు వణుకుతాయి. అతని కళ్ళు శుక్లాలు ముదిరి మూసుకుపోయాయి. కాబట్టి మేమిద్దరం కొయ్యలేం, నేర్పగలం అంతే.

నేను పాఠ్యప్రణాళిక రాసి పట్టుకెళ్ళాను. ప్రతి పనిముట్టుకూ బొమ్మ, కొలత, పుట్టుక, ఏ దేశంలో ఏ డాక్టరు ఎందుకు చేయించాడు, అన్నీ. కోదండపాణి చేతులూపుకుంటూ వచ్చాడు. గోడ తడుముకుంటూ వచ్చాడంటే సరిగ్గా ఉంటుంది.

కమిటీ అధ్యక్షురాలు మందాకిని నా కాగితాలు మర్యాదగా పక్కన పెట్టింది.

"మాస్టారూ, ఇది దుమ్ముకారు కదండీ. ఎండ పలకలకి వెలుతురు అందదు. క్లాసు గదికి దీపం ఇవ్వలేం."

"అయితే?"

"ఆయనకి దీపం అక్కర్లేదు కదా."

ఎవరో కిసుక్కున నవ్వారు. కోదండపాణి అందరికంటే గట్టిగా నవ్వాడు. తన గుడ్డితనాన్ని కూడా అర్హతగా మార్చుకోగలిగిన మనిషి.

నా బాధ గౌరవం గురించి మాత్రమే అయితే ఇంత రాయను. నాకు గజ్జల్లో హెర్నియా ఉంది. యంత్రం ఆగిన రోజున వరసలో తర్వాతి పేరు నాది. పడుకుని నొక్కితే వాపు ఇప్పటికి లోపలికి పోతోంది. పోకుండా ఇరుక్కున్న రోజున లోపలి పేగు కుళ్ళకముందే కోసి తీరాలి. కోసేది కోదండపాణి తయారుచేసిన పిల్లలే. తెగే ఒళ్ళు నాది, నేర్పే హక్కు అతనిది. ఇదీ కమిటీ న్యాయం.

దుమ్ముకారు, బుధవారం

క్లాసుకి వెళ్ళాను. తప్పులు పట్టడానికే వెళ్ళాను. నా రోజునామచాలో నేనే అబద్ధం రాసుకోవడం దేనికి?

పాత సామాన్ల గది. బయట దుమ్ము, లోపల చీకటి. ఎవరి మొహం ఎవరికీ సరిగ్గా కనబడదు. కోదండపాణి ఒళ్ళో పాత అంతరిక్ష సూటు గుడ్డతో కుట్టిన సంచి ఉంది. దాన్నిండా పనిముట్లు. ఒక్కొక్కరూ వచ్చి సంచిలో చెయ్యి పెట్టాలి, దొరికినదాని పేరూ పనీ చెప్పాలి. చెప్పేదాకా చెయ్యి బయటికి తియ్యకూడదు. ఇదీ అతని పద్ధతి. సంతలో చిలక జోస్యంవాడు కూడా ఇంతకంటే శాస్త్రీయంగా ఉంటాడు.

ముందుగా ఎస్తేరు వచ్చింది. మా ఆసుపత్రి డాక్టర్లలో చురుకైన పిల్ల. పిల్ల అంటున్నాను గానీ ముప్పై దాటాయి.

"కత్తెరలా ఉంది సార్. కానీ కత్తెర కాదు. నొక్కితే లాకు పడుతోంది."

"మూతి?"

"పొడుగు. లోపల అడ్డగీతలున్నాయి. చివరిదాకా ఉన్నాయి."

"అయితే ఏంటది?"

"ఆర్టరీ ఫోర్సెప్స్. రక్తం కారే నాళాన్ని పట్టి ఆపడానికి."

"శభాష్. దాంతోనే సూది కూడా పట్టుకుంటానంటే?"

"పట్టుకోవచ్చేమో సార్."

"పట్టుకో. సూది గింగిరాలు తిరిగి నీ వేల్లోనే దిగుతుంది. ఇంకోటి తియ్యి. ఊఁ, అదే. మూతి పొట్టి, లోపల వల అల్లినట్టు గీతలు. అది నీడిల్ హోల్డరు. పొడుగుమూతివాడు నెత్తురాపుతాడు, పొట్టిమూతివాడు సూది పడతాడు. ఇద్దరూ అన్నదమ్ముల్లా ఉంటారు, ఒకడి పని ఇంకోడికి చెప్పావా ఇద్దరూ అలుగుతారు."

అందరూ నవ్వారు. నేను లేచి, లాకు ఉన్న ఆ పట్టకారు ఏ శతాబ్దంలో ఏ రూపంలో మొదలైందో రెండు ముక్కలు చెప్పబోయాను.

"ఎవరదీ, విశ్వమా? వెనక బెంచీలో కూచున్నావా?" అన్నాడు కోదండపాణి, నా గొంతు వైపు తిరిగి. "కాలేజీలోనూ అక్కడే కూచునేవాడమ్మా. నిద్రకి అనువుగా ఉంటుందని."

పచ్చి అబద్ధం. నేను మొదటి బెంచీలో కూర్చునేవాణ్ణి. వెనక కూర్చుని నిద్రపోయింది అతను. పరీక్షల్లో మొదట వచ్చింది కూడా అతనే. అప్పటి నుంచీ ఆ లెక్క నాకు తెగలేదు.

తర్వాత అలిస్, బాబ్‌కాక్ వచ్చాయి. రెండూ పొడుగాటి పట్టకార్లే. అలిస్ మూతి చివర సన్నటి పళ్ళుంటాయి. చర్మం కిందున్న గట్టి పొరను అది పట్టుకుంటుంది. బాబ్‌కాక్ మూతి గుండ్రంగా వంగి, నడుమ ఖాళీగా, పళ్ళు లేకుండా ఉంటుంది. పేగు లాంటి మెత్తనివాటిని నలగకుండా పట్టుకోవడానికి.

"పేగుని అలిస్‌తో పట్టుకుంటే ఏమవుద్ది?"

"చిల్లులు పడతాయి సార్," అంది ఎస్తేరు.

"పడితే?"

"లోపలిది బయటికొస్తుంది."

"ఏమొస్తుందో చెప్పు, మొహమాటపడకు. దానికో మంచి తెలుగు మాటుంది."

మళ్ళీ నవ్వులు. వాళ్ళు నవ్వుతున్నంతసేపూ నేను అతని చేతులు చూస్తూ కూర్చున్నాను. కాస్త కళ్ళు అలవాటుపడితే ఆ చీకట్లోనూ నాకు కనబడతాయి. నాకంటే రెండు నెలలే చిన్నవాడు. ఆ వేళ్ళు సంచిలోంచి ఇనుమును తీసి ఇవ్వడం నీళ్ళలోంచి చేపను తీసినట్టుంది. వణుకు లేదు. నా కాఫీ కప్పు చప్పుడు పక్క గుమ్మటం దాకా వినిపిస్తుంది.

దుమ్ముకారు, శుక్రవారం

పొద్దున్న చాలాసేపు చచ్చిపోయిన డాక్టర్ల మీద అసూయపడ్డాను. కోకర్, అలిస్, బాబ్‌కాక్, లాంగెన్‌బెక్. వాళ్ళ గొప్ప ఆపరేషన్లు ఎవరికీ గుర్తులేవు. వాళ్ళ పేర్లు మాత్రం ఇనుప ముక్కల మీదెక్కి భూమిని దాటి ఇక్కడికొచ్చాయి. నేను కూడా ఒకప్పుడు గాయం అంచును పక్కకి లాగి పట్టుకునే రిట్రాక్టర్ ఒకటి గీసి చేయించాను. పిడి కొంచెం వంచాను, చెయ్యి నొప్పి పుట్టకుండా. మంచి పనిముట్టు. కోదండపాణి దాన్ని 'విశ్వంగాడి గరిటె' అన్నాడు. ఆపరేషన్ థియేటర్ అంతా ఆ పేరే పట్టుకుంది. నా అసలు పేరు విశ్వంభరం. నాకు మిగిలిన కీర్తి గరిటె.

మధ్యాహ్నం మాత్రం ఈ దుమ్ముకారు మొత్తానికి మంచి గడియ వచ్చింది.

మందులు తెచ్చుకోవడానికి ఆసుపత్రికి వెళ్తే, ఎస్తేరు థియేటర్ బీరువా సర్దుతోంది. పై అరలో గ్లౌజులు. పాత సూట్ల రబ్బరును కరిగించి ఇక్కడే పోసినవి. ఒక జత చేతికి తీసుకున్నాను. దిబ్బరొట్టెంత మందం.

"ఇవి తొడుక్కుని క్లాసులో ఎప్పుడైనా చేశారా?"

"లేదు సార్. ఇవి ఒక్కసారి వాడి మళ్ళీ మరిగిస్తే పగిలిపోతాయి. అసలు ఆపరేషన్ వస్తే తప్ప ముట్టుకోవద్దని కమిటీ తాళం వేసింది."

జత తిరిగి అరలో పెట్టాను. మందులు పట్టుకుని బయటికొచ్చి, నడవా చివరిదాకా వెళ్ళి, అప్పుడు నవ్వాను.

ఆ క్లాసులో ప్రతివాడూ నేర్చుకున్నది వట్టి చేత్తో. అడ్డగీతలూ, చిన్న చిన్న పళ్ళూ, మూతి వంపూ, అన్నీ వేలికొసలకు తెలిసినవే. ఈ రబ్బరు తొడుక్కుంటే అలిస్ పళ్ళు తెలియవు. ఆర్టరీ ఫోర్సెప్స్‌కీ, చివర పన్ను ఉండే కోకర్‌కీ తేడా తెలియదు. పోనీ కళ్ళతో గుర్తుపడతారా అంటే, వాటిని వాళ్ళు వెలుతుర్లో ఎన్నడూ చూడనేలేదు. థియేటర్‌లో ఉండేది ఒక్క దీపం, అది గాయం మీద ఉంటుంది. పనిముట్ల ట్రే చీకట్లోనే. ఇప్పటిదాకా గుడ్డివాడి పాఠం ఎంతో తెలివిగా సాగింది, ఒక్క గ్లౌజు దగ్గర మొత్తం కూలింది. అది అతనికి తోచలేదు. నాకు తోచింది.

వెంటనే వెళ్ళి చెప్పవచ్చు. చెప్తే ఏమవుతుంది? "భలే కనిపెట్టావురా" అంటాడు, సాయంత్రానికల్లా దిద్దుకుంటాడు, అది కూడా అతని పాఠంలో కలిసిపోతుంది. దుమ్ముకారు చివర్లో కమిటీ ముందు బహిరంగ పరీక్ష ఉంది. ఆ రోజు లేచి, "ఒక్కసారి గ్లౌజులు తొడిగి చెప్పించండి" అంటాను. ఆ ఒక్క మాట చాలు.

ఈలోగా ఎవరికీ ఏమీ కాదులే.

దుమ్ముకారు, ఆదివారం

ఆ 'ఎవరికీ'లో నన్ను కలుపుకోవడం మరిచిపోయాను.

పొద్దున్న దగ్గు వచ్చింది. దగ్గుతో పాటు గజ్జల్లో ఏదో దిగింది. పడుకున్నాను, నొక్కాను, కాళ్ళు పైకెత్తాను. పోలేదు. గట్టిగా, వేడిగా, ముట్టుకుంటే ప్రాణం పోయేట్టుంది. రెండుసార్లు వాంతి. ఎస్తేరు వచ్చి చూసింది. నాకు తెలిసిందే ఆమె చెప్పింది.

"ఇరుక్కుంది సార్. ఆగడానికి లేదు. ఇవాళే."

"ఎవరు కోస్తారు?"

"నేనే." గొంతు గట్టిగానే ఉంది, చేతులు మాత్రం చీరకొంగు నలుపుతున్నాయి. "కోదండపాణి సార్ పక్కన నిలబడి పట్టుకుంటారు."

ఆమె అన్నీ మరిగించడానికి వెళ్ళింది. నేను గోడ వైపు తిరిగి పడుకున్నాను. ఇది రాయడానికి సిగ్గుగా ఉంది, అయినా రాస్తున్నాను: అప్పుడు కూడా ఒక క్షణం చెప్పకూడదనే అనిపించింది. చెప్తే నా పరీక్ష రోజు పోతుంది. కమిటీ ముందు అతని మొహం ఎలా ఉంటుందో ఎన్నిసార్లు ఊహించుకున్నానో! అది పోతుంది. చెప్పకపోతే నా పేగు మీద అలిస్ పళ్ళు దిగుతాయి.

కబురు పంపాను. కోదండపాణి గోడ తడుముకుంటూ వచ్చాడు.

"ఏరా, కోతకి ముందు వీలునామా రాయిద్దామనా?"

"గ్లౌజులు తొడుక్కుని నీ సంచిలో చెయ్యి పెట్టు," అన్నాను.

"దేనికి?"

"పెట్టు."

వెనకే వచ్చిన ఎస్తేరు ఒక జత తెచ్చి ఇచ్చింది. తొడుక్కున్నాడు, సంచిలో చెయ్యి పెట్టాడు. చాలాసేపు తడిమాడు. ఆ మొహంలో మొట్టమొదటిసారి అనుమానం చూశాను.

"బాబ్‌కాక్," అన్నాడు.

బయటికి తీయించాను. అలిస్. మళ్ళీ పెట్టమన్నాను. కోకర్‌ని ఆర్టరీ ఫోర్సెప్స్ అన్నాడు. మూడోది అడగక్కర్లేకపోయింది. సంచి కింద పెట్టి నా మంచం పట్టె మీద కూర్చున్నాడు.

జీవితమంతా ఎదురుచూసిన క్షణం అది. బాగుంది. నొప్పి మధ్యలో కూడా బాగుంది.

"నీకెప్పుడు తెలిసింది?"

"శుక్రవారం."

"మరి చెప్పలేదేం?"

"పరీక్ష రోజున కమిటీ ముందు చెబుదామని."

గ్లౌజులు ఒక్కొక్కటే ఊడదీసి సంచి మీద పెట్టాడు. తర్వాత భుజాలు కదిలాయి. నవ్వుతున్నాడు.

"నన్ను పడగొట్టడానికి నీ పేగు పణం పెట్టావన్నమాట. నేనైనా అదే పని చేసేవాణ్ణిరా."

ఎస్తేరుకి నవ్వు రాలేదు. "ఇప్పుడే వట్టి చేత్తో తడిమి వరసగా పేర్చుకుని, ఆ వరసలోనే మరిగిస్తే?" అంది.

"మొదటి కోత దాకా ఉంటుందమ్మా ఆ వరస," అన్నాడు కోదండపాణి. "ఆ తర్వాత ట్రే అంతా చేపల బజారే." నా వైపు తిరిగాడు. "విశ్వం, మత్తు నడుం కిందికే కదా ఇచ్చేది. నువ్వు మెలకువగానే ఉంటావు. నువ్వు చదువుకునే దీపం ఇంకా ఉందా, కమిటీకి అప్పగించావా?"

అప్పగించలేదు. దుమ్ముకారులో విడి దీపాలన్నీ కమిటీకి ఇచ్చెయ్యాలని నియమం, నేను పుస్తకాల వెనక దాచాను.

"తెప్పించు. ట్రే నీ తల పక్కనే పెడతాం. కళ్ళున్నవాడివి నువ్వే. పేరు చెప్తూ చూపించు."

దుమ్ముకారు, గురువారం

మంచం మీద, నా వంకర రాతలో.

వెన్నులో సూది గుచ్చాక కాళ్ళు నావి కాకుండా పోయాయి. నా మొహానికీ పొట్టకీ మధ్య గుడ్డ కట్టారు. అవతల ఏం జరుగుతోందో నాకు కనబడదు. ఇవతల నా తల పక్కన ట్రే. దాని మీద నా దీపం. పట్టుకున్నది మందాకిని. నెత్తురు చూడలేనని ముందే చెప్పి, మొహం పక్కకి తిప్పుకుని నిలబడింది. నేను రోగిని, నేనే మాస్టారిని.

"స్కాల్పెల్," అంది ఎస్తేరు గుడ్డ అవతల నుంచి.

"నీ కుడివైపు మొదటిది, కోత కత్తి. పిడి సన్నంగా ఉంటుంది."

గ్లౌజు తొడిగిన చెయ్యి వచ్చి తీసుకువెళ్ళింది. ఆ తర్వాత అది వస్తూనే ఉంది. ప్రతిసారీ నేను ముందు రూపం చెప్పాను, తర్వాత పేరు చెప్పాను, తర్వాత దాని పని చెప్పాను. నేను రాసుకున్న పాఠ్యప్రణాళిక అంతా అయిపోయేట్టుంది అనుకున్నాను.

"లాంగెన్‌బెక్. కొస వంగిన బద్ద. కోదండం చేతికి ఇయ్యి, గాయం తెరిచి పట్టుకుంటాడు."

"గరిటె లేదేంట్రా?" అన్నాడతను అవతల నుంచి.

"నోరు మూసుకుని పట్టుకో."

గురుత్వాకర్షణ తక్కువైన ఇక్కడ రక్తం తీరిగ్గా పడుతుంది. భూమి మీద చుక్క పడ్డ చప్పుడు అలవాటైన చెవికి ఆ నిదానం భయంగా ఉంటుంది. ఒకచోట నాళం చిట్లిందని గొంతులను బట్టి తెలిసింది. ఎస్తేరు చెయ్యి తొందరగా వచ్చి నీడిల్ హోల్డరు మీద వాలింది.

"కాదు, దాని పైది. మూతి పొడుగుది."

తీసుకుంది. అవతల లాకు పడిన టిక్కుమనే శబ్దం వినిపించింది. ఎస్తేరు ఊపిరి వదిలింది.

కొంతసేపటికి ఆమె, "హెర్నియా సంచీ తెరిచాను. పేగు కనబడుతోంది. నొక్కేస్తున్న కట్టు కొయ్యాలి. ముందు పేగుని పట్టుకోవాలి, జారిపోకుండా," అంది. 

చెయ్యి వచ్చింది. చూపు గాయం మీదే ఉన్నట్టుంది, అలవాటు కొద్దీ తడుముతోంది. రబ్బరు వేళ్ళు అలిస్ మీద ఆగాయి. మూసుకున్నాయి. ఎత్తాయి.

"దించు," అన్నాను.

ఆగింది.

"ఇటు చూడు. తడమకు, చూడు. దాని పక్కది. మూతి మధ్యలోంచి దీపం కనబడుతోంది చూడు, అది. అది నా పేగుని పట్టుకుంటుంది. ఇప్పుడు నీ చేతిలో ఉన్నది నా పేగుని కొరుకుతుంది."

ఎస్తేరు గుడ్డ పక్క నుంచి తల వంచి ట్రే వైపు చూసింది. బాబ్‌కాక్ మూతిలోంచి సన్నటి వెలుతురు ఆమె గ్లౌజు మీద పడింది. తీసుకుంది. నోటికున్న గుడ్డ వెనక పెదాలు కదిలాయి, గుర్తుపెట్టుకుంటున్నట్టు.

కట్టు తెగింది. 

"ఏ రంగు?" అన్నాను.

"నల్లగా ఉంది సార్."

వేడి ఉప్పునీటి గుడ్డ చుట్టమన్నాను. చుట్టింది. ఆగాం. మళ్ళీ విప్పింది.

"కొంచెం ఎర్రబడిందేమో. చెప్పలేకపోతున్నాను సార్."

నేను చూడలేను. గుడ్డ అడ్డం. చూసినా పేగుకి రక్తం అందుతోందో లేదో వేలితోనే తెలియాలి. చచ్చిన పేగుని లోపలికి తోస్తే నేనూ చస్తాను. బతికున్న పేగుని కోసేస్తే ఈ పిల్ల ఎప్పుడూ చెయ్యని కుట్టు చెయ్యాలి.

"కోదండం," అన్నాను. 

అవతల రబ్బరు చరుక్కుమని ఊడిన చప్పుడు. గ్లౌజు లాగేశాడు. "చేతి మీద స్పిరిట్ పొయ్యమ్మా. ఇంకా పొయ్యి. మోచేతి దాకా."  నాకు ఏమీ తెలియలేదు, మత్తు కదా. నా కడుపులో అతని వట్టి వేళ్ళున్నాయని ఊహించుకోవడం తప్ప.

"బతికుందా?" అని అడిగింది నేనే. అంత చిన్న గొంతు నాకుందని నాకే తెలియదు.

"ఆగరా."

ఆగాను.

"ఉంది. నాడి కొట్టుకుంటోంది. పేగు కూడా కదులుతోంది, నీలాగే విసుక్కుంటూ."

మందాకిని చేతిలో దీపం ఊగింది. ఆమె ఏడుస్తోంది.

దుమ్ముకారు, మంగళవారం

కుట్లు మానుతున్నాయి. కమిటీ నోటీసు బోర్డు మీద వేసిందట: 'డాక్టర్ కోదండపాణి శిష్యురాలు ఎస్తేరు చేత తొలి చేతి శస్త్రచికిత్స. రోగి క్షేమం.'

రోగి. నా పేరు కూడా లేదు. గరిటే నయం.

సాయంత్రం అతను వచ్చాడు. అడక్కుండానే దుప్పటి తీసి, కుట్ల పక్కన వేళ్ళు పెట్టి చూశాడు. "చీము లేదు. మూడో కుట్టు బిగించింది కాస్త," అన్నాడు. ఆ మాట నిజం. నేను అద్దం పెట్టి పొద్దున్నే చూసుకున్నాను.

"గ్లౌజు లేకుండా నా కడుపులో చెయ్యి పెట్టావు. చీము పట్టుంటే కమిటీకి ఎక్కేవాణ్ణి."

"ఎక్కు. కొత్తేముంది?"

అతను వెళ్ళాక చాలాసేపు ఆలోచించాను. నా నాడి లోపల ఎలా కొట్టుకుంటుందో అతనికి తెలుసు. ఇంకెవరికీ తెలియదు, నాకు కూడా. అతనిది మాత్రం నా దగ్గర ఏమీ లేదు. ఇది సమానం కాదు. కాలేజీలో మొదలైన లెక్క ఇప్పుడు ఇంకా పెరిగింది.

ఎస్తేరు మందు ఇవ్వడానికి వస్తే, కంటి ఆపరేషన్ పనిముట్లు గోదాములో ఉన్నాయేమో వెతికి తెమ్మన్నాను. అవి వెంట్రుకలంత సన్నం. ఏ వేలికొసకూ తెలియవు, గుడ్డివాడి సంచిలో పనికిరావు. వెలుతురు కావాలి, కళ్ళు కావాలి. దుమ్ము విడిచి ఎండ పలకలు నిండగానే రోజూ పొద్దున్న నా గదిలో క్లాసు. మేకపిల్లల కళ్ళ మీద మొదలుపెడదాం. ఆమె చెయ్యి సిద్ధమైందని నేను చెప్పేదాకా మనిషిని ముట్టుకోవడానికి లేదు.

ఆమె నిలబడి నన్ను చూసింది. "కోదండపాణి సార్ కోసమా?"

"నా కోసం."

"అర్థం కాలేదు సార్."

అర్థం చేసుకునే వయసు కాదు ఆమెది. ఈ ఊళ్ళో వాళ్ళందరూ నన్ను మెచ్చుకున్నా నాకేం లాభం? వాళ్ళకేం తెలుసు? నేను చేసిన ప్రతి పనినీ చూసి, అది ఎంత బాగుందో తెలిసి, తెలిసి కూడా మొహం తిప్పుకున్నవాడు అతనొక్కడే. మొహం తిప్పుకోవడానికైనా అతనికి ముందు కనబడాలి కదా.